బేస్‌బాల్ చరిత్రపై మంచి ప్రశ్నపత్రం తయారు చేయడం ఎలా

బేబ్ రూత్ 714 హోమ్ రన్లు (ఎక్కువగా బంతిని మైదానం హద్దు దాటించే దెబ్బలు) కొట్టాడని చెప్పగలిగేవారు చాలామంది ఉంటారు. ఆ లెక్కను 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో హాంక్ ఆరన్ దాటాడని, ఆరన్ చేరుకున్న 755ను 2007లో బారీ బాండ్స్ దాటి చివరికి 762 దగ్గర ఆగాడని చెప్పగలిగేవారు అంతకంటే తక్కువ. రూత్ తొలి రోజుల్లో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు మేటి ఎడమచేతి పిచర్‌గా (బ్యాటర్‌కు బంతి విసిరేవాడిగా) ఉండేవాడని, 1919 సీజన్ ముగిశాక న్యూయార్క్ యాంకీస్ అతన్ని కొనుక్కున్నదని, ఆ తరువాతి సంవత్సరమే అతను 54 హోమ్ రన్లు కొట్టి ఆట స్వరూపాన్నే మార్చేశాడని వివరించగలిగేవారు ఇంకా తక్కువ. ఈ మూడు స్థాయుల తేడాను బయటపెట్టగలిగిన ప్రశ్నపత్రమే బేస్‌బాల్ చరిత్ర ఎవరికి ఎంత తెలుసో నిజంగా కొలవగలుగుతుంది. అంకెలను మాత్రమే అడిగే పత్రం, ఆ అంకెలు ఏ లీగ్‌లో, ఏ నిబంధనల కింద, ఎవరి లెక్క ప్రకారం వచ్చాయన్న అసలు విషయాన్ని వదిలేస్తుంది. అందువల్ల అంకెలో ఇమిడి ఉన్న ఆ నేపథ్యాన్ని ప్రశ్నలోకి ఎలా తీసుకురావాలో ఇక్కడ ఉదాహరణలతో వివరిస్తున్నాను.

అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు కొందరు పిల్లల కోసం నడిచే లిటిల్ లీగ్‌లో ఈ ఆటను ఆడుతూ నేర్చుకుంటారు. వారి తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు క్రికెట్ లెక్కలతో పెరిగినవారు. ఇద్దరూ కలిసి కూర్చునే సభలో ప్రశ్నలు వేయదలిస్తే ఒక విషయాన్ని ముందే చెప్పాలి. క్రికెట్‌లో బ్యాటింగ్ సగటు అంటే ఒక్కో అవుట్‌కు చేసిన పరుగులు. బేస్‌బాల్‌లో అది బ్యాటర్ కొట్టిన హిట్లను (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరుకున్న సందర్భాలను) అతని అధికారిక బ్యాటింగ్ అవకాశాలతో భాగించగా వచ్చే భిన్నం. పది అవకాశాల్లో మూడుసార్లు సఫలమైనవాడు, అంటే 0.300 సగటు ఉన్నవాడు, ఇక్కడ ఉత్తమ బ్యాటర్ల కోవలోకి వస్తాడు. ఈ ఒక్క వివరణ లేకపోతే 1941లో టెడ్ విలియమ్స్ సాధించిన 0.406 అనే అంకె ఎంత గొప్పదో సభలో సగం మందికి అర్థం కాదు.

ముందుగా హద్దులు నిర్ణయించుకోవాలి

ప్రశ్నలు రాయడానికి కూర్చునే ముందు, మీ పత్రం ఏ కాలం నుంచి ఏ కాలం వరకు, ఏయే లీగ్‌లకు వర్తిస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. వృత్తి బేస్‌బాల్ ఎప్పుడు మొదలైందంటే ఒక్క సమాధానం లేదు. ఆటగాళ్లందరికీ బహిరంగంగా జీతాలిచ్చిన మొదటి జట్టు 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. వృత్తి ఆటగాళ్ల తొలి లీగ్ అయిన నేషనల్ అసోసియేషన్ 1871 నుంచి 1875 వరకు నడిచింది కానీ, నేటి అగ్రశ్రేణి ఆటను నడిపే సంస్థ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ దాన్ని మేజర్ లీగ్‌గా, అంటే అగ్రశ్రేణి లీగ్‌గా, గుర్తించలేదు. నేటికీ కొనసాగుతున్న నేషనల్ లీగ్ 1876లో పుట్టింది. అమెరికన్ లీగ్ 1901లో మేజర్ స్థాయిని ప్రకటించుకున్నది, ఆ రెండు లీగ్‌ల విజేతలు తలపడిన మొదటి వరల్డ్ సిరీస్ 1903లో జరిగింది, అందులో బోస్టన్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌ను ఓడించింది. ఆధునిక యుగం 1901తో మొదలైనట్టు చాలామంది లెక్కిస్తారు.

హద్దులు చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. ఒక సీజన్‌లో అత్యధిక విజయాలు సాధించిన పిచర్ ఎవరు అని అడిగారనుకుందాం. 1904లో 41 విజయాలు సాధించిన జాక్ చెస్‌బ్రో అని ఒకరు, 1884లో ప్రావిడెన్స్ గ్రేస్ తరఫున ఆడిన చార్లెస్ రాడ్‌బర్న్ అని మరొకరు చెబుతారు, ఇద్దరిదీ సరైన సమాధానమే. పైగా రాడ్‌బర్న్ విజయాలను కొన్ని గ్రంథాలు 59గా, కొన్ని 60గా నమోదు చేశాయి. కాబట్టి ప్రశ్నలో 1901 తరువాత అనే షరతు పెట్టండి. లేదా రాడ్‌బర్న్ పేరును మీరే చెప్పి, అతను అన్ని విజయాలు సాధించగలిగిన కాలంలో ఆట ఎలా ఉండేదో అడగండి. ఆ రోజుల్లో పిచర్ బ్యాటర్‌కు చాలా దగ్గర నుంచి విసిరేవాడు, నేటి 60 అడుగుల 6 అంగుళాల దూరం 1893లోగానీ రాలేదు, ఒకే పిచర్ జట్టు ఆటల్లో అధిక భాగాన్ని మోసేవాడు. ఈ రెండో రూపంలో అడిగితే 59, 60ల వివాదం అడ్డురాదు, పైగా సమాధానం చెప్పేవారికి ఆనాటి ఆట ఎంత తెలుసో కూడా బయటపడుతుంది.

లెక్కలు మారిన చోట జాగ్రత్త

ఏళ్ల తరబడి ప్రశ్నపత్రాల్లో తిరిగిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఆటజీవితం మొత్తం మీద అత్యధిక బ్యాటింగ్ సగటు ఎవరిది? అందరూ టై కాబ్ అనే రాసేవారు. 2024 మే నెల చివర నుంచి మేజర్ లీగ్ అధికారిక పుస్తకాల్లో ఆ స్థానం 0.372 సగటుతో నల్లజాతి లీగ్‌లలో ఆడిన జాష్ గిబ్సన్‌ది. కాబ్ 0.367తో రెండో స్థానానికి వచ్చాడు. పాత సంకలనం నుంచి ఈ ప్రశ్నను ఎత్తి రాసుకున్నవారు సరైన సమాధానం చెప్పినవారికి సున్నా వేసే ప్రమాదం ఉన్నది.

ఈ మార్పు వెనక ఉన్న కథే అడగవలసిన కథ. పంతొమ్మిదవ శతాబ్దం చివర నుంచి నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగ్‌ల నుంచి దూరంగా ఉంచారు. రాతపూర్వకమైన నిషేధం లేకుండానే యజమానుల పరస్పర అవగాహనతో అది దశాబ్దాలపాటు సాగింది. 1920లో కాన్సాస్ సిటీలో రూబ్ ఫాస్టర్ నాయకత్వంలో నీగ్రో నేషనల్ లీగ్ ఏర్పడింది. అలాంటి ఏడు లీగ్‌లను, 1920 నుంచి 1948 వరకు జరిగిన వాటి ఆటలను, మేజర్ స్థాయివిగా గుర్తిస్తున్నట్టు మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 డిసెంబర్‌లో ప్రకటించింది. పరిశోధకులు పాత పత్రికల నుంచి స్కోర్లను సేకరించి సరిచూసిన తరువాత 2024లో ఆ లెక్కలు అధికారిక రికార్డులలో చేరాయి. గిబ్సన్ 1943లో హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున సాధించిన 0.466 ఇప్పుడు ఒక సీజన్‌కు సంబంధించిన అత్యధిక సగటు. అంతకుముందు 1894 నాటి హ్యూ డఫీ పేరు అక్కడ ఉండేది. గిబ్సన్ మేజర్ లీగ్‌లలో నల్లజాతివారికి తలుపు తెరుచుకోవడాన్ని చూడలేదు. 1947 జనవరిలో, జాకీ రాబిన్సన్ బరిలోకి దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ల వయసులో మరణించాడు. ఈ వాక్యాన్ని రాస్తున్నప్పుడు నాకు ఎప్పుడూ బాధ కలుగుతుంది. అందుకే గిబ్సన్ గురించిన ప్రశ్నను సగటు అడిగి వదిలేయకుండా, ఆ సగటు అధికారిక పుస్తకంలోకి ఎక్కడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో కూడా చెప్పించమని నా సలహా.

ఇదే కారణంగా మరో ప్రసిద్ధ ప్రశ్నను కూడా తిరగరాయాలి. 0.400 సగటును చివరిగా దాటినవాడు ఎవరు అంటే టెడ్ విలియమ్స్, 1941, అని చెప్పడం ఆనవాయితీ. అది ఇప్పటికీ సరైనదే, కానీ నేషనల్, అమెరికన్ లీగ్‌లకు పరిమితమై. 1941 తరువాతి కాలానికి చెందిన గిబ్సన్ 0.466 కూడా ఇప్పుడు పుస్తకాల్లో ఉన్నది కదా. ప్రశ్నలో ఆ రెండు లీగ్‌ల పేర్లను చేరిస్తే వివాదం ఉండదు. నిజానికి విలియమ్స్ గురించి ఇంకా మంచి ప్రశ్న వేయవచ్చు. సీజన్ చివరి రోజైన సెప్టెంబర్ 28 ఉదయానికి అతని సగటు 0.3995 దాటి ఉన్నది, ఆడకుండా కూర్చుంటే దాన్ని 0.400గా నమోదు చేసేవారు. అతను ఫిలడెల్ఫియాలో ఆ రోజు జరిగిన రెండు ఆటలూ ఆడి, 8 అవకాశాల్లో 6 హిట్లు కొట్టి 0.406కు చేరాడు. ఆ ఉదయం అతని ముందు ఉన్న రెండు దారులు ఏమిటి, అతను ఏది ఎంచుకున్నాడు అని అడిగితే సమాధానంలో మనిషి కనిపిస్తాడు.

మొట్టమొదటి ఆటగాడి గురించి అడిగేటప్పుడు

మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఎవరు అన్న ప్రశ్నకు ఎక్కువమంది జాకీ రాబిన్సన్ అని రాస్తారు. 1884లో అమెరికన్ అసోసియేషన్‌కు చెందిన టొలీడో జట్టులో క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) ఆడిన మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అంతకు 63 ఏళ్ల ముందువాడు. వాకర్ పేరు తెలిసినవారిని తప్పుపట్టకుండా, రాబిన్సన్ ఘనతను తగ్గించకుండా అడగాలంటే, ప్రశ్నలోనే ఇరవయ్యవ శతాబ్దం, నేషనల్, అమెరికన్ లీగ్‌లు అని పేర్కొనాలి. లేదా పంతొమ్మిదవ శతాబ్దంలోనే మేజర్ లీగ్‌లో ఆడిన నల్లజాతి ఆటగాడి పేరు చెప్పమని నేరుగా అడగాలి.

రాబిన్సన్ జీవితం మెట్లుమెట్లుగా ప్రశ్నలు అడగడానికి ఎంతో అనువైనది. మొదటి మెట్టులో సంవత్సరం, జట్టు అడగండి: 1947, బ్రూక్లిన్ డాడ్జర్స్. రెండో మెట్టులో ఆ ఏప్రిల్ 15న ఎబెట్స్ ఫీల్డ్‌లో అతను ఏ స్థానంలో నిలబడ్డాడో అడగండి. తరువాతి కాలంలో రెండో బేస్ దగ్గర పేరు తెచ్చుకున్నాడు కాబట్టి చాలామంది అదే రాస్తారు, కానీ ఆ రోజు అతను ఆడింది మొదటి బేస్ దగ్గర. మూడో మెట్టులో అతను అంతకుముందు ఎక్కడ ఆడాడో అడగండి: 1945లో కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు, డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీతో ఒప్పందం కుదిరాక 1946లో మాంట్రియాల్ రాయల్స్‌కు. నాలుగో మెట్టులో అమెరికన్ లీగ్‌లో అదే అడుగు వేసినవాడిని అడగండి. అదే 1947 జూలైలో క్లీవ్‌లాండ్ తరఫున లారీ డోబీ. చివరి మెట్టు, నేను తప్పక అడగాలనుకునేది, అప్పటి 16 జట్లలో నల్లజాతి ఆటగాడిని అందరికంటే ఆలస్యంగా తీసుకున్నది ఏది అన్నది. బోస్టన్ రెడ్ సాక్స్, 1959లో, పంప్సీ గ్రీన్‌తో. మొదటి అడుగుకూ చివరి అడుగుకూ మధ్య 12 ఏళ్లు గడిచాయి. 1947తోనే అంతా అయిపోయిందనుకునేవారికి ఈ అంతరం కొత్త విషయంగా తోస్తుంది.

అన్ని జట్లూ కలిసి రాబిన్సన్ ధరించిన 42వ నంబర్‌ను 1997లో విరమింపజేశాయి. అప్పటికే ఆ నంబర్‌తో ఆడుతున్నవారికి మాత్రం కొనసాగే అనుమతి ఇచ్చాయి. ఆ వెసులుబాటుతో చివరిదాకా 42ను ధరించిన యాంకీస్ పిచర్ మరియానో రివేరా 2013లో విరమించాడు, 2019లో ఆటలోని మేటివారిని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఒక్క ఓటు కూడా పోకుండా ఎన్నికైన మొదటి ఆటగాడయ్యాడు. రాబిన్సన్ దగ్గర మొదలైన ప్రశ్న ఇలా నేటి తరం వరకు సహజంగా సాగుతుంది.

కష్టమైన ప్రశ్న ఎలా ఉండాలి

ఎవరూ వినని ఆటగాడి పేరు అడగడం వల్ల ప్రశ్న కష్టమవుతుంది కానీ మంచిది కాదు. అందరికీ తెలిసిన పేర్ల మధ్య కనిపించని సంబంధాన్ని అడిగే ప్రశ్న కష్టమూ, న్యాయమూ రెండూ అవుతుంది. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది: బేబ్ రూత్, విల్లీ మేస్, హాంక్ ఆరన్ ముగ్గురి ఆటజీవితాల్లోనూ ఉన్న ఒక పోలిక ఏమిటి? హోమ్ రన్లు అనే సమాధానం చాలదు. రూత్ 1914లో బోస్టన్ రెడ్ సాక్స్‌తో మొదలుపెట్టి 1935లో బోస్టన్ బ్రేవ్స్‌తో ముగించాడు. మేస్ 1951లో న్యూయార్క్ జెయింట్స్‌తో మొదలుపెట్టి 1973లో న్యూయార్క్ మెట్స్‌తో ముగించాడు. ఆరన్ 1954లో మిల్వాకీ బ్రేవ్స్‌తో మొదలుపెట్టి 1976లో మిల్వాకీ బ్రూయర్స్‌తో ముగించాడు. ముగ్గురూ మొదలుపెట్టిన ఊరికే, వేరే జట్టు కోసం, చివర్లో తిరిగి వచ్చారు. అయితే ఇక్కడా హద్దు గీయాలి. మేస్ 1948లో బర్మింగ్‌హామ్ బ్లాక్ బ్యారన్స్ తరఫున కొట్టిన 10 హిట్లు 2024 నుంచి అతని మేజర్ లీగ్ ఖాతాలో చేరి మొత్తం 3,293 అయింది కాబట్టి, నేషనల్, అమెరికన్ లీగ్‌లలో అన్న షరతు లేకపోతే ఈ అందమైన పోలిక చెడిపోతుంది.

అదే కోవకు చెందిన మరో ప్రశ్న: రూత్ రికార్డులు రెండింటిని ఇద్దరు యాంకీస్ ఆటగాళ్లు ఒకే సంవత్సరంలో దాటారు, ఆ సంవత్సరం ఏది, ఆ రికార్డులు ఏవి? సంవత్సరం 1961. ఆ సీజన్ చివరి రోజున రోజర్ మారిస్ 61వ హోమ్ రన్‌తో రూత్ 1927లో కొట్టిన 60ని దాటాడు. ఆ తరువాతి వారంలో వరల్డ్ సిరీస్‌లో పిచర్ వైటీ ఫోర్డ్, రూత్ రెడ్ సాక్స్ పిచర్‌గా నెలకొల్పిన రికార్డును, అంటే వరల్డ్ సిరీస్‌లో వరుసగా 29⅔ ఇన్నింగ్స్ పరుగివ్వకుండా విసిరిన రికార్డును, దాటాడు. మొదటి సగం చాలామందికి తెలుస్తుంది. రెండో సగం చెప్పాలంటే రూత్ పిచర్‌గా కూడా గొప్పవాడని తెలిసి ఉండాలి.

ఒకే సంవత్సరాన్ని తీసుకుని దాని చుట్టూ ప్రశ్నలు అల్లడం మరో మంచి పద్ధతి. 1968ని తీసుకోండి. సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్ ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చినవి మినహాయిస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులు మాత్రమే ఇచ్చాడు. డెట్రాయిట్ పిచర్ డెన్నీ మెక్‌లేన్ 31 విజయాలు సాధించాడు, ఆ తరువాత ఎవరూ 30ని చేరలేదు. అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ సగటు కార్ల్ యస్ట్రెంస్కీది, అది 0.301 మాత్రమే. ఈ మూడు అంకెలను ఇచ్చి, దీని ఫలితంగా 1969లో నిబంధనలు ఎలా మారాయని అడగండి. పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు, బ్యాటర్ కొట్టకపోయినా బంతిని స్ట్రైక్‌గా, అంటే బ్యాటర్‌కు వ్యతిరేకంగా, పరిగణించే పరిధిని కుదించారు. అంకెల నుంచి కారణానికి, కారణం నుంచి నిబంధనకు వెళ్లగలిగినవారికి పూర్తి మార్కులు ఇవ్వాలి.

1920 ఇంకా నిండుగా ఉంటుంది. ఆగస్టులో కార్ల్ మేస్ విసిరిన బంతి తలకు తగిలి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ మరునాడు మరణించాడు. మేజర్ లీగ్ ఆటలో బంతి తగిలి ప్రాణం కోల్పోయినవాడు అతనొక్కడే. ఉమ్మి పూసిన బంతిని విసరడాన్ని ఆ ఏడే నిషేధించి, అప్పటికే దాని మీద ఆధారపడిన కొద్దిమంది పిచర్లకు మినహాయింపు ఇచ్చారు. అదే ఏడు రూత్ 54 హోమ్ రన్లు కొట్టాడు, క్లీవ్‌లాండ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, ఆ సిరీస్‌లో బిల్ వాంబ్స్‌గాన్స్ ఎవరి సహాయమూ లేకుండా ఒకే దెబ్బకు ముగ్గురిని అవుట్ చేశాడు. నల్లజాతి లీగ్ పుట్టిందీ, కెనెసా మౌంటెన్ లాండిస్ మొదటి కమిషనర్‌గా (ఆట సర్వాధికారిగా) నియమితుడైందీ ఆ సంవత్సరమే. ఇందులో ఏ రెండు సంఘటనలను ఇచ్చినా సంవత్సరాన్ని పట్టుకోగలగాలి.

జట్లు ఊళ్లు మారిన చరిత్రకు ఒక్క పటం చాలు. డాడ్జర్స్ బ్రూక్లిన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు, జెయింట్స్ న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు 1958లో వెళ్లారు. బ్రేవ్స్ బోస్టన్ నుంచి 1953లో మిల్వాకీకి, 1966లో అట్లాంటాకు వెళ్లారు. అథ్లెటిక్స్ ఫిలడెల్ఫియా, కాన్సాస్ సిటీ, ఓక్లాండ్ మీదుగా సాగారు. తికమక పెట్టేవి వాషింగ్టన్ సెనేటర్స్ పేరున్న రెండు జట్లు. ఒకటి 1961లో మిన్నెసోటా ట్విన్స్‌గా, మరొకటి 1972లో టెక్సస్ రేంజర్స్‌గా మారాయి.

కట్టుకథలను వాస్తవాలుగా అడగరాదు

బేస్‌బాల్‌ను 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడని 1907లో ఒక సంఘం తేల్చింది. డబుల్‌డే ఆ కాలంలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో విద్యార్థి, పైగా ఈ ఆటను తాను కనిపెట్టినట్టు అతను ఎక్కడా చెప్పుకోలేదు. చరిత్రకారులు ఆ కథను ఏనాడో తోసిపుచ్చారు. అయినా 1939లో హాల్ ఆఫ్ ఫేమ్ తలుపులు తెరిచింది కూపర్స్‌టౌన్‌లోనే. అందుచేత ఆటను ఎవరు కనిపెట్టారు అని అడగకండి. హాల్ ఆఫ్ ఫేమ్ ఆ చిన్న ఊరిలో ఎందుకు ఉన్నదో అడగండి. అప్పుడు కట్టుకథ కూడా చరిత్రలో భాగంగా సరైన చోట నిలబడుతుంది.

1932 వరల్డ్ సిరీస్‌లో రూత్ ముందుగానే చేయి చూపించి అటువైపే హోమ్ రన్ కొట్టాడన్న కథ కూడా ఇలాంటిదే. అతను చేయి చూపించిన మాట నిజం. దేన్ని చూపించాడన్నది వివాదాస్పదం. మారిస్ 61 పక్కన అధికారిక పుస్తకంలో నక్షత్రం గుర్తు ఉండేదన్నది మరొకటి. కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ కోరింది, 154 ఆటల సీజన్‌లో వచ్చిన రూత్ రికార్డునూ 162 ఆటల్లో వచ్చిన మారిస్ రికార్డునూ వేర్వేరుగా నమోదు చేయమని. నక్షత్రం గుర్తు ఎన్నడూ లేదు. 1991లో ఆ విభజనను కూడా తొలగించారు.

నిషేధాల గురించి అడిగేటప్పుడు తేదీ వేయడం తప్పనిసరి. 1919 వరల్డ్ సిరీస్‌ను డబ్బు కోసం ఓడిపోయారన్న ఆరోపణపై విచారణకు నిలిచిన చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లను 1921లో న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది. లాండిస్ మరునాడే ఆరోపణ ఎదుర్కొన్న ఎనిమిది మందినీ శాశ్వతంగా బహిష్కరించాడు. వారిలో జో జాక్సన్ ఆ సిరీస్‌లో 0.375 సగటుతో ఆడాడు. 4,256 హిట్లతో ఇప్పటికీ అందరికంటే ముందున్న పీట్ రోజ్, జూదం కారణంగా 1989లో నిషేధానికి గురయ్యాడు. శాశ్వత నిషేధం ఆటగాడి మరణంతో ముగుస్తుందని 2025 మే నెలలో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ నిర్ణయించడంతో జాక్సన్, రోజ్ ఇద్దరి పేర్లూ ఆ జాబితా నుంచి తొలగిపోయాయి. నిషేధిత జాబితాలో ఉన్నవారిని పేర్కొనండి అన్న పాత ప్రశ్న ఇప్పుడు తప్పు.

ఆటగాడిని గుర్తుపట్టించే ప్రశ్నలు

సూచనలను ఒక్కొక్కటిగా వదులుతూ ఆటగాడి పేరు రాబట్టే పద్ధతిలో తక్కువమందికి తెలిసిన వివరంతో మొదలుపెట్టి అందరికీ తెలిసినదానితో ముగించాలి, ముందుగా చెప్పినవారికి ఎక్కువ మార్కులు ఇవ్వాలి. రాబర్టో క్లెమెంటేను తీసుకుంటే నేను ఈ వరుసను ఎంచుకుంటాను. డాడ్జర్స్ తమ దిగువ స్థాయి జట్టులో ఉంచుకున్న ఇతన్ని 1954లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఎంచుకుని తీసుకుపోయింది. ఉత్తమ ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌ను 12 సార్లు అందుకున్నాడు. 1971 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు. 1972 సెప్టెంబర్ 30న సరిగ్గా 3,000వ హిట్ కొట్టాడు, ఆ లెక్క అక్కడే ఆగిపోయింది. నికరాగువా భూకంప బాధితులకు సహాయం తీసుకువెళుతూ ఆ డిసెంబర్ 31న విమాన ప్రమాదంలో మరణించాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రవేశానికి విరమణ తరువాత ఐదేళ్లు ఆగాలన్న నియమాన్ని పక్కనపెట్టి 1973లోనే ఇతన్ని ఎన్నుకున్నారు. ప్యూర్టో రికో అన్న మాటను మాత్రం చివరిదాకా దాచండి, అది వినగానే ఎవరైనా పేరు చెప్పేస్తారు.

ఆసియా ఆటగాళ్లను మరచిపోకండి. మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి జపాన్ ఆటగాడిగా చాలామంది 1995లో వచ్చిన హిడియో నోమోను చెబుతారు. 1964లోనే మసనోరి మురకామి శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు ఆడాడు. ఇచిరో సుజుకీ 2004లో 262 హిట్లతో జార్జ్ సిస్లర్ 1920లో నెలకొల్పిన 257ను దాటాడు. షోహెయ్ ఓతానీ 2024లో 54 హోమ్ రన్లు, 59 స్టోలెన్ బేస్‌లతో (హిట్ లేకుండానే పరుగెత్తి దక్కించుకున్న బేస్‌లతో) రెండింటిలోనూ 50ని దాటిన మొదటివాడయ్యాడు. ప్రపంచ వృత్తి బేస్‌బాల్‌లో అత్యధిక హోమ్ రన్లు అని అడిగితే జపాన్ లీగ్‌లో 868 కొట్టిన సదహరు ఓహ్ పేరు వస్తుందని గుర్తుంచుకుని, కావలసింది మేజర్ లీగ్ అయితే ఆ మాటే రాయండి.

భారతీయ సంబంధం గురించి మన సభల్లో తప్పకుండా అడుగుతారు. ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఈటె విసిరే క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక ప్రతిభాన్వేషణ పోటీ ద్వారా ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ దిగువ స్థాయి లీగ్‌లకే పరిమితమయ్యారు, మేజర్ లీగ్‌లో ఆడలేదు. తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచర్ కుమార్ రాకర్‌ను 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో ఎంచుకున్నది, 2024 సెప్టెంబర్‌లో అతను మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. మేజర్ లీగ్‌లో ఆడటం, మేజర్ లీగ్ జట్టుతో ఒప్పందం చేసుకోవడం వేరు వేరని ఈ ప్రశ్న స్పష్టంగా రాబట్టాలి.

సరిచూడటం, మార్కులు వేయడం

ప్రతి సమాధానాన్నీ కనీసం రెండు చోట్ల సరిచూడండి, రెండూ విభేదిస్తే ఎందుకో తెలుసుకునేదాకా ఆ ప్రశ్నను పక్కన పెట్టండి. టై కాబ్ హిట్లు మేజర్ లీగ్ వాడిన లెక్కలో 4,191. 1910 నాటి ఒక ఆటను రెండుసార్లు నమోదు చేశారని పరిశోధకులు కనుగొన్నాక అనేక గ్రంథాలు 4,189 అని రాస్తున్నాయి. పీట్ రోజ్ కాబ్‌ను దాటింది 1985 సెప్టెంబర్ 11న సిన్సినాటిలో అని అందరూ సంబరం చేసుకున్నారు. సవరించిన లెక్క ప్రకారం మూడు రోజుల ముందు చికాగోలోనే దాటేశాడు. ఇలాంటి చోట రెండు సమాధానాలనూ సరైనవిగా అంగీకరించి, రెండూ ఎందుకున్నాయో చెప్పినవారికి అదనపు మార్కు ఇవ్వడం న్యాయం.

నాలుగు ఎంపికల ప్రశ్నలో తప్పు ఎంపికలు అదే కోవకు చెందినవై ఉండాలి. వరుసగా 2,130 ఆటలు ఆడినవాడు ఎవరు అన్నప్పుడు లూ గెరిగ్ పక్కన బేబ్ రూత్ పేరు పెడితే ఊహించి గెలవవచ్చు. 2,632 ఆటలతో గెరిగ్‌ను 1995లో దాటిన కాల్ రిప్కెన్, గెరిగ్‌కు ముందు 1,307తో రికార్డు ఉన్న ఎవరెట్ స్కాట్, నేషనల్ లీగ్‌లో 1,207 ఆడిన స్టీవ్ గార్వీ పేర్లు పెడితే తెలిసినవారే గుర్తిస్తారు.

సంవత్సరాల ప్రశ్నల్లో దశాబ్దం సరిగ్గా చెప్పినవారికి సగం మార్కు ఇవ్వండి. ఎందుకు అన్న ప్రశ్నకు, ఏమిటి అన్న ప్రశ్నకంటే రెట్టింపు మార్కులు కేటాయించండి. మిమ్మల్ని మీరే పరీక్షించుకుంటున్నట్లయితే సమాధానంతోపాటు కారణాన్ని కూడా కాగితం మీద రాసిన తరువాతే పుస్తకం తెరవండి, తప్పిన ప్రశ్నలను కొన్ని వారాల తరువాత వేరే మాటల్లో తిరిగి రాసుకుని మళ్లీ ప్రయత్నించండి. పత్రం పైన, లెక్కలు ఏ తేదీ వరకు సరిచూసినవో, ఏయే లీగ్‌లను చేర్చారో రెండు పంక్తుల్లో రాయండి. ప్రతి సీజన్ ముగియగానే, ఇంకా ఆడుతున్నవారి పేర్లున్న ప్రశ్నలను ముందుగా తీసి సవరించండి.